చట్టసభలు బ్రిటన్ ఇచ్చిన కానుకా? పన్నుల వైపు నుంచి ఒక జవాబు

మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. వర్జీనియాలో 1619లోనే ఎన్నికైన సభ కూర్చుంటే మద్రాసు 1920 దాకా ఎందుకు ఆగాల్సి వచ్చిందన్నది మొదటిది. ఎంత ఆలస్యమైనా మనకు చట్టసభలు ఇచ్చి ప్రజాస్వామ్యం నేర్పింది బ్రిటిష్ వారే కదా అన్నది రెండోది. కళాశాలలో ఈ పాఠం చాలాకాలం చెప్పాను. పాత శాసన మండలి చర్చల సంపుటాలు ఇప్పటికీ తిరగేస్తుంటాను. నా జవాబు ఇది: ఏ వలసకు ఎప్పుడు చట్టసభ వచ్చిందో తెలియాలంటే అక్కడ పన్ను ఎవరు కట్టేవారో, అది ఎలా వసూలయ్యేదో ముందు చూడాలి. కట్టేవారు ఒప్పుకుంటే తప్ప డబ్బు రాని చోట లండన్ సభను పిలిచింది. వారి ఒప్పుదలతో పనిలేకుండా ఖజానా నిండే చోట పిలవలేదు. ఉన్న సభలోకి నల్లవారు మెజారిటీగా వచ్చే సూచన కనిపించిన చోట ఆ సభే లేకుండా పోయింది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఎన్నిక జరిగిందా లేదా అన్నది ఒక్కటే చూస్తే ఈ చరిత్ర అర్థం కాదు. ఆ సభ ప్రభుత్వ ఖర్చును ఆపగలదా, పాలకులను దించగలదా అన్నవి అంతకంటే పెద్ద ప్రశ్నలు. మొదటి ఎన్నికకూ, సభ మాటకు మంత్రులు తలవంచిన రోజుకూ మధ్య కొన్ని వలసల్లో తరాలే గడిచాయి.

వర్జీనియాతోనే మొదలుపెడదాం. 1619 జులై 30న జేమ్స్‌టౌన్ చర్చిలో గవర్నర్ జార్జ్ యియర్డ్లీ సమక్షంలో 22 మంది ప్రతినిధులు సమావేశమయ్యారు. అప్పటికి వర్జీనియాను నడుపుతున్నది రాజు కాదు, ఒక వ్యాపార కంపెనీ. వలసకు జనం రాకపోయినా, వచ్చినవారు నిలవకపోయినా కంపెనీ మునిగిపోతుంది. అంతకుముందు అమలైన సైనిక తరహా చట్టాలకు చెడ్డపేరు వచ్చింది. అందుకని ఇంగ్లండులో ఉండే హక్కులే ఇక్కడా ఉంటాయని కంపెనీ భరోసా ఇవ్వాల్సి వచ్చింది. మండు వేసవిలో ఒక సభ్యుడు సమావేశాల మధ్యలోనే చనిపోయాడు. ఆగస్టు 4న సభ ముగిసింది. ఆ కొద్ది రోజుల్లోనే వాళ్లు పొగాకుకు ధర కట్టారు, పదహారేళ్లు దాటిన ప్రతి పురుషుడూ ఒక పౌను మేలైన పొగాకు ఇవ్వాలని నిర్ణయించారు. సభాపతికి, గుమస్తాకు ఇచ్చే ప్రతిఫలం ఆ పొగాకే. అంటే బ్రిటిష్ వలసల్లో ఎన్నికైన తొలి సభ తన తొలి సమావేశంలోనే పన్ను వేసింది. అదే ఆగస్టు చివర, ఆఫ్రికా నుంచి బందీలుగా తెచ్చిన మనుషులను ఆ తీరంలోనే దించి అమ్మారు. వారి సంతతికి ఆ సభలో చోటు దొరకడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది. ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టే నేను పాఠం మొదలుపెట్టేవాణ్ని, ఎందుకంటే ఒకటి లేకుండా రెండోది అర్థం కాదు.

బెర్ముడాలో 1620లో, బార్బడోస్‌లో 1639లో ఇలాంటి సభలే వచ్చాయి. జమైకాలో మొదటి సభ 1664లో కూర్చుంది. అన్ని చోట్లా నమూనా ఒకటే. లండన్ పంపిన గవర్నరు, ఆయన పక్కన నామినేటెడ్ మండలి, కింద ఆస్తిపరులైన తెల్ల పురుషులు ఎన్నుకున్న సభ. గవర్నరుకు వీటో ఉంది, సభను రద్దుచేసే అధికారం ఉంది. అతని జీతం, కోటల మరమ్మతు, సైనికుల తిండి మాత్రం సభ మంజూరు చేసే డబ్బుతోనే జరగాలి. ఆ ఒక్క పట్టుతోనే ఈ సభలు లండన్‌ను ఆడించాయి.

జమైకా ఉదాహరణ చూడండి. 1678లో గవర్నరుగా వచ్చిన కార్లైల్ ప్రభువు లండన్‌లో ముందే రాసిన చట్టాల కట్టను వెంట తెచ్చాడు. సభ వాటికి తలూపితే చాలు, మార్చకూడదు. వాటిలో ఒకటి శాశ్వత ఆదాయ చట్టం. ఒకసారి అది ఆమోదం పొందితే ఇక ఏటా సభను అడగాల్సిన పనే ఉండదు. తోటల యజమానులకు ఇది వెంటనే అర్థమైంది, తిరస్కరించారు. 1680 నాటికి లండనే వెనక్కి తగ్గింది. ఆ తర్వాత దాదాపు అర్ధ శతాబ్దం బేరం నడిచాక, 1728లో సభ శాశ్వత ఆదాయానికి ఒప్పుకుంది. బదులుగా తమ చట్టాలకు ఉన్న గుర్తింపును ఖాయం చేయించుకుంది. ఇంత పట్టుదలగా తమ స్వేచ్ఛను కాపాడుకున్న ఈ మనుషులే వేలాది బానిసలకు యజమానులు. బానిసత్వ సంస్కరణలకు చివరిదాకా అడ్డుపడింది కూడా ఇదే సభ. ఎన్నికైన సభ ఉంటే న్యాయం దానంతట అదే జరుగుతుందనుకునేవారికి జమైకా చరిత్ర చదవమని చెబుతాను.

ఇక్కడ ఒక కోర్టు కేసు దగ్గర ఆగాలి. చాలా పుస్తకాలు దీన్ని ఒక వాక్యంతో దాటేస్తాయి, నా దృష్టిలో మాత్రం మొత్తం కథ ఇక్కడే మలుపు తిరిగింది. గ్రెనడా దీవిని బ్రిటన్ ఫ్రాన్సు నుంచి గెలుచుకుంది. 1763 అక్టోబరులో వెలువడిన రాజు ప్రకటన అక్కడ సభను పిలుస్తామని మాట ఇచ్చింది. 1764 జులైలో అదే రాజు పేరుతో దీవి నుంచి ఎగుమతయ్యే సరుకు మీద నాలుగున్నర శాతం సుంకం వేశారు. అలెగ్జాండర్ క్యాంప్‌బెల్ అనే తోట యజమాని ఆ సుంకం కట్టి, దాన్ని తిరిగి ఇవ్వాలంటూ వసూలు అధికారి హాల్ మీద దావా వేశాడు. 1774లో ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ప్రభువు తీర్పు చెప్పాడు. గెలిచిన దేశానికి చట్టాలు చేసే అధికారం రాజుకు ఉంటుంది, కానీ సభ ఇస్తానని ఒకసారి ప్రకటించాక ఆ అధికారం ఆయన చేతిలోంచి పోతుంది. ఆ తర్వాత పన్ను వేయాలంటే ఆ సభ వేయాలి, లేదా బ్రిటిష్ పార్లమెంటు వేయాలి. క్యాంప్‌బెల్ గెలిచాడు.

ఆ తీర్పు, వెంటనే వచ్చిన అమెరికా తిరుగుబాటు కలిసి లండన్‌కు ఒక పాఠం నేర్పాయి. సభ ఇవ్వడం తేలిక, వెనక్కి తీసుకోవడం కష్టం. కాబట్టి కొత్తగా చేజిక్కిన ప్రాంతాలకు ఆ మాటే ఇవ్వకుండా ఉంటే మంచిది. 1797లో స్పెయిన్ నుంచి పట్టుకున్న ట్రినిడాడ్‌కు సభ ఇవ్వలేదు. గవర్నరే సర్వాధికారిగా, లండన్ ఆజ్ఞలతో పాలన సాగే ‘క్రౌన్ కాలనీ’ పద్ధతి అక్కడే రూపు దిద్దుకుంది. నిజాయితీగా చెప్పాలంటే దీని వెనక ఒక మంచి కారణం కూడా ఉంది. ట్రినిడాడ్‌లో తోట యజమానుల సభ వస్తే జమైకాలో లాగే బానిసల పరిస్థితిని మెరుగుపరిచే ప్రతి ప్రయత్నాన్నీ ఆపేస్తుందని బానిసత్వ వ్యతిరేకులే వాదించారు. ట్రినిడాడ్ ప్రజలకు తమ ప్రతినిధులను ఎన్నుకునే అవకాశం మొదటిసారి 1925లో వచ్చింది, అదీ కొద్దిమంది ఆస్తిపరులకే.

ఇప్పుడు కెనడా. నోవా స్కోషియాలో 1758లోనే సభ ఉంది. 1791 చట్టం క్యూబెక్‌ను రెండుగా చీల్చి ఎగువ, దిగువ కెనడాలకు చెరొక సభ ఇచ్చింది. అమెరికాలో అప్పుడే దెబ్బతిన్న ప్రభుత్వం, కెనడావాసులను పిలవకుండా పన్ను వేయలేకపోయింది. పన్ను వేసే పని సభదే అయినా, ఆ డబ్బు ఖర్చుపెట్టే కార్యనిర్వాహక మండలి గవర్నరు చేతిలోనే ఉంది. దాన్ని దించే అధికారం సభకు లేదు. దిగువ కెనడాలో సభ నిండా ఫ్రెంచి మాట్లాడేవారు, మండలి నిండా ఇంగ్లిష్ వర్తకులు, అధికారులు. లూయీ జోసెఫ్ పాపినో నాయకత్వంలో సభ 1834లో 92 తీర్మానాలు చేసి లండన్‌కు పంపింది. జీతాలకు డబ్బు మంజూరు చేయడం మానేసింది. 1837 మార్చిలో లండన్ నుంచి బ్రిటిష్ మంత్రి జాన్ రస్సెల్ ఇచ్చిన జవాబు ఏమిటంటే, సభ అనుమతి లేకుండానే గవర్నరు ఖజానా డబ్బు వాడుకోవచ్చని. ఆ నవంబరులోనే తిరుగుబాటు మొదలైంది. ఎగువ కెనడాలో విలియం లయన్ మెకంజీ అనుచరులు కూడా ఆయుధాలు పట్టారు. రెండింటినీ అణచివేశారు.

విచారించడానికి డర్హమ్ ప్రభువును పంపారు. 1839లో వచ్చిన ఆయన నివేదికలో ఒక మాట సూటిగా ఉంది. స్థానిక వ్యవహారాల్లో గవర్నరు సభలో మెజారిటీ ఉన్నవారినే మంత్రులుగా పెట్టుకోవాలి. అదే నివేదిక ఫ్రెంచి వారిని ఇంగ్లిష్ వారిలో కలిపేయాలని కూడా సలహా ఇచ్చింది, దాన్ని దాచకూడదు. మొదటి సలహాను లండన్ వెంటనే ఒప్పుకోలేదు. నోవా స్కోషియాలో పత్రికా సంపాదకుడు జోసెఫ్ హౌ ఏళ్ల తరబడి నడిపిన పోరాటం ఫలించి, 1847 ఎన్నికల్లో సంస్కరణవాదులు గెలిచారు. 1848 జనవరిలో అవిశ్వాస తీర్మానం నెగ్గింది. ఫిబ్రవరిలో జేమ్స్ బాయిల్ యూనియాక్ మంత్రివర్గం ఏర్పడింది. బ్రిటిష్ వలసల్లో సభకు జవాబుదారీగా ఉన్న తొలి ప్రభుత్వం అదే, రక్తం చిందకుండా వచ్చింది.

అయితే ఆ సూత్రానికి అసలు పరీక్ష కెనడాలోని మాంట్రియాల్‌లో జరిగింది. తిరుగుబాటు కాలంలో ఆస్తి నష్టపోయినవారికి పరిహారం ఇచ్చే బిల్లును బాల్డ్విన్, లాఫోంటేన్ మంత్రివర్గం 1849లో సభలో నెగ్గించుకుంది. తిరుగుబాటుదారులకు డబ్బిస్తారా అని ఇంగ్లిష్ పక్షం మండిపడింది. గవర్నర్ జనరల్ ఎల్గిన్ ప్రభువుకు ఆ బిల్లు వ్యక్తిగతంగా ఇష్టం లేదు. దాన్ని ఆపే అధికారమూ ఆయనకుంది. సభ ఆమోదించింది కాబట్టి ఏప్రిల్ 25న సంతకం పెట్టాడు. ఆయన బండి మీద గుడ్లు, రాళ్లు పడ్డాయి. ఆ రాత్రి అల్లరిమూక పార్లమెంటు భవనాన్ని తగలబెట్టింది, గ్రంథాలయం బూడిదైంది. ఆయన మాత్రం సంతకం వెనక్కి తీసుకోలేదు. ‘గవర్నరు సభ సలహా మేరకే నడుచుకోవాలి’ అని మన పాఠ్యపుస్తకాల్లో పొడిగా కనిపించే వాక్యానికి ఒకరు ఇంత మూల్యం చెల్లించారు. నా విద్యార్థులకు ఈ సంఘటన మాత్రం మరిచిపోవద్దని చెప్పేవాణ్ని.

ఆస్ట్రేలియా గురించి క్లుప్తంగానే చెబుతాను. న్యూ సౌత్ వేల్స్ ఖైదీల వలసగా ఉన్నంతకాలం గవర్నరు మాటే చట్టం. 1823లో చిన్న నామినేటెడ్ మండలి వచ్చింది. ఖైదీల రవాణా ఆగి స్వేచ్ఛా వలసదారులు పెరిగాక, 1842 చట్టంతో 36 మందిలో 24 మందిని ఎన్నుకునే వీలు కలిగింది. 1856 నాటికి జవాబుదారీ ప్రభుత్వం ఏర్పడింది. అదే సంవత్సరం విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియా రహస్య ఓటింగును చట్టం చేశాయి. బ్రిటన్‌కు అది 1872లో కానీ రాలేదు. పోలింగ్ కేంద్రంలో తెర చాటున మనం వేసే ఓటు పద్ధతి అక్కడి నుంచి వచ్చిందే. న్యూజిలాండ్‌లో మావోరీలకు భూమి ఉమ్మడిగా ఉండేది, ఓటుకేమో వ్యక్తిగత ఆస్తి కావాలి, అందుకని వారిలో చాలామందికి ఓటు దక్కలేదు. 1867లో వారికి నాలుగు స్థానాలు కేటాయించారు. 1893లో అక్కడి మహిళలకు ఓటు వచ్చింది. మరోవైపు, 1902లో ఆస్ట్రేలియా ఫెడరల్ చట్టం తెల్ల మహిళలకు ఓటిస్తూ, అదే కలంతో ఆదివాసులకు, ఆసియా, ఆఫ్రికా వాసులకు నిరాకరించింది.

మళ్లీ జమైకాకు రావాలి, ఎందుకంటే ‘వారికి అర్హత ఉంది కాబట్టి ఇచ్చారు’ అన్న వాదన ఇక్కడ నిలబడదు. 1830ల్లో బానిసత్వం రద్దయింది. నల్లవారిలో కొందరు చిన్న భూములు కొనుక్కుని, పన్నులు కట్టి, ఓటర్లయ్యారు. 1864 నాటికి నాలుగు లక్షలు దాటిన జనాభాలో ఓటున్న నల్ల పురుషులు రెండు వేల లోపే, అయినా వారి సంఖ్య పెరిగే సూచనలు కనిపించాయి. 1865 అక్టోబరు 11న మొరాంట్ బేలో పాల్ బోగుల్ నాయకత్వాన న్యాయం కోరి వచ్చిన రైతులకూ, స్థానిక సాయుధ దళానికీ ఘర్షణ జరిగింది. గవర్నర్ ఎడ్వర్డ్ ఐర్ సైనిక శాసనం విధించాడు. 400 మందికి పైగా చంపేశారు, వందల మందిని కొరడాలతో కొట్టారు, వెయ్యి ఇళ్లు తగలబెట్టారు. జార్జ్ విలియం గోర్డన్ ఎన్నికైన సభ్యుడు, సభలో గవర్నరును నిలదీసినవాడు. ఆయన ఉన్న కింగ్‌స్టన్‌లో సైనిక శాసనం లేదు. అందుకని పట్టుకుని, అది అమల్లో ఉన్న మొరాంట్ బేకు తరలించి, అక్టోబరు 23న ఉరితీశారు.

ఆ తర్వాత జరిగింది ఇంకా గమనించదగ్గది. రెండు శతాబ్దాలు రాజును ఎదిరించి నిలిచిన జమైకా సభ ఆ డిసెంబరులో తనను తానే రద్దు చేసుకుంది. రేపు నల్లవారు మెజారిటీగా వచ్చి తమ మీద పన్నులు వేయడం కంటే గవర్నరు ఏకపక్ష పాలనే మేలని తోటల యజమానులు తేల్చుకున్నారు. 1866 నుంచి జమైకా క్రౌన్ కాలనీ. వెస్టిండీస్‌లో చాలా దీవులు అదే దారి పట్టాయి. బార్బడోస్, బెర్ముడా, బహామాస్ వంటి కొన్నిటికే పాత సభలు మిగిలాయి. జమైకా ప్రజలందరికీ ఓటు వచ్చింది 1944లో. కెనడా ముందుకు నడిచిన ఆ దశాబ్దాల్లోనే జమైకా వెనక్కి నడిచింది. పాలకులు ఒకరే, సామ్రాజ్యం ఒకటే. ఓటర్లు ఎవరన్నదే తేడా.

ఇక మన సంగతి. మద్రాసు ప్రభుత్వానికి డబ్బు భూమి శిస్తు నుంచి, ఉప్పు మీద పన్ను నుంచి వచ్చేది. రైతువారీ గ్రామాల్లో, అంటే జమీందారు లేకుండా రైతే నేరుగా సర్కారుకు కట్టే చోట, శిస్తు ఎంతో సర్కారే నిర్ణయించేది, రైతును అడిగేవారు లేరు. వసూలు ఎలా జరిగేదో తెలుసుకోవాలంటే 1855 నాటి మద్రాసు హింసల విచారణ కమిషన్ నివేదిక చూడాలి. రైతులను ఎండలో నిలబెట్టడం, వంచి మెడను కాలి బొటనవేలికి కట్టడం, వేళ్లను కర్రల మధ్య నొక్కడం జరుగుతున్నదని ప్రభుత్వం నియమించిన కమిషనే ఒప్పుకుంది. ఆ విషయం బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్లడానికి కారకుల్లో ముఖ్యుడు తెలుగువాడు గాజుల లక్ష్మీనరసు చెట్టి. మద్రాసు వర్తకుడు, ‘క్రెసెంట్’ పత్రిక నడిపినవాడు, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టి పార్లమెంటుకు అర్జీ పంపినవాడు. కాంగ్రెసు పుట్టడానికి 33 ఏళ్ల ముందు మాట ఇది. ఆయనకు మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా చాలా పెద్ద చోటు దక్కాలి. జమైకా గవర్నరు తన జీతం కోసం సభ ముందు నిలబడాల్సి వచ్చేది. మద్రాసు గవర్నరుకు ఆ అవసరమే లేదు, ఎందుకంటే శిస్తు ఎవరి ఒప్పుదలతోనూ పనిలేకుండా వచ్చేది. మనకు సభ ఎందుకు ఆలస్యమైందన్న మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే.

1853లో కలకత్తాలో 12 మందితో ఒక శాసన మండలి ఏర్పడింది. అందరూ నామినేటెడ్, ఒక్క భారతీయుడూ లేడు. అయినా వాళ్లు చిన్న పార్లమెంటులా ప్రశ్నలు అడగడం, ప్రభుత్వ పనులపై చర్చించడం మొదలుపెట్టారు. లండన్‌కు ఇది నచ్చలేదు. 1861 చట్టంతో ఆ నోరు కట్టేశారు. ముందు పెట్టిన బిల్లు గురించి తప్ప మాట్లాడకూడదు, ప్రశ్నలు అడగకూడదు, బడ్జెట్ ఊసెత్తకూడదు. భారతీయులను నామినేట్ చేయడం మొదలైంది ఈ చట్టంతోనే. 1863లో లక్ష్మీనరసు చెట్టి మద్రాసు మండలిలో సభ్యుడయ్యాడు, కానీ ఆయన జీవితమంతా పోరాడిన శిస్తు గురించి అక్కడ సొంతంగా ప్రశ్న వేసే హక్కు ఆయనకు లేదు.

1892 చట్టం ప్రశ్నలకు, బడ్జెట్ మీద ప్రసంగాలకు వీలిచ్చింది, ఓటింగుకు కాదు. మునిసిపాలిటీలు, జిల్లా బోర్డులు, విశ్వవిద్యాలయాలు పేర్లు సిఫారసు చేస్తే ప్రభుత్వం నామినేట్ చేసేది. ఈ పరోక్ష పద్ధతి ఎంత అరకొరదో దక్షిణాఫ్రికాలోని మనవాళ్లకు అనుభవంలోకి వచ్చింది. 1860 నుంచి నేటాల్ చెరకు తోటలకు వెట్టి ఒప్పందాల మీద వెళ్లినవారిలో గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు. నేటాల్‌కు 1893లో జవాబుదారీ ప్రభుత్వం వచ్చింది. కొత్త సభ చేపట్టిన తొలి పనుల్లో ఒకటి భారతీయుల ఓటు తీసేయడం. అప్పటికి ఓటర్ల జాబితాలో భారతీయులు రెండున్నర వందల మంది, యూరోపియన్లు తొమ్మిది వేల పైచిలుకు. గాంధీ నాయకత్వంలో అక్కడి భారతీయులు దాదాపు పది వేల సంతకాలతో అర్జీ పెట్టారు. ఆసియావాసులు అని బాహాటంగా పేర్కొన్న బిల్లును లండన్ ఒప్పుకోలేదు. 1896లో మాట మార్చి తెచ్చారు: పార్లమెంటరీ ఓటు హక్కు మీద ఆధారపడిన ఎన్నికైన ప్రాతినిధ్య సంస్థలు ఇంతవరకు లేని దేశాలవారికి ఇక్కడా ఓటు ఉండదు. దీన్ని లండన్ ఆమోదించింది. 1892 చట్టం కింద భారతదేశంలో ప్రాతినిధ్యం ఉందని మనవాళ్లు వాదించినా ఫలితం లేకపోయింది. భారతదేశానికి సభ ఇవ్వనిది బ్రిటనే. ఆ సభ లేదన్న కారణంతో నేటాల్‌లో ఓటు తీసేయడాన్ని ఒప్పుకున్నదీ బ్రిటనే.

1909 సంస్కరణలు సభ్యుల సంఖ్య పెంచాయి, తీర్మానాలకు వీలిచ్చాయి, ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు తెచ్చాయి. ఇవి భారతదేశంలో పార్లమెంటరీ వ్యవస్థకు దారితీసేవైతే తనకు వాటితో సంబంధమే ఉండదని వాటిని తెచ్చిన భారత వ్యవహారాల మంత్రి మోర్లీయే బ్రిటిష్ పార్లమెంటులోని ప్రభువుల సభలో ప్రకటించాడు. ‘శిక్షణ’ ఇస్తున్నామన్న మాటను దీని పక్కన పెట్టి చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం డబ్బునూ మనుషులనూ పీల్చేశాక క్రమంగా జవాబుదారీ ప్రభుత్వం ఇస్తామంటూ 1917లో మాంటేగు ప్రకటన, ఆపైన 1919 చట్టం వచ్చాయి. ఇదీ పాత కథే. అడగకుండా తీసుకోగలిగిన దానికి మించి కావాల్సి వచ్చినప్పుడు సామ్రాజ్యం అడగడం మొదలుపెట్టింది.

1920 నవంబరు ఎన్నికల్లో మద్రాసు మండలిలో ఎన్నికయ్యే 98 స్థానాల్లో జస్టిస్ పార్టీ 63 గెలిచింది. కాంగ్రెసు బహిష్కరించింది. నాలుగు కోట్ల జనాభా ఉన్న రాష్ట్రంలో ఓటర్లు సుమారు 12 లక్షలు. తొలి ముగ్గురు మంత్రుల్లో ఇద్దరు తెలుగువారు: కాళహస్తికి చెందిన పానగల్ రాజా రామరాయనింగార్, కూర్మా వెంకటరెడ్డి నాయుడు. 1921 జులైలో పానగల్ రాజా ముఖ్యమంత్రి అయ్యారు. అదే సంవత్సరం పురుషులతో సమాన షరతుల మీద మహిళలకు ఓటిచ్చిన తొలి ప్రావిన్సు మద్రాసు. 1923 నవంబరులో కట్టమంచి రామలింగారెడ్డి పానగల్ మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. 65–44 ఓట్లతో అది వీగిపోయింది. సాహిత్యంలో ఆయన్ను ఎరిగినవారు ఈ తీర్మానం సంగతి కూడా తెలుసుకోవాలి. మంత్రులు సభకు జవాబు చెప్పాలన్న భావన మన ప్రాంతంలో మొదట అలా పరీక్షకు నిలిచింది.

కానీ 1919 చట్టం శాఖలను రెండుగా పంచి తెచ్చిన ద్వంద్వ పాలనలో విద్య, స్థానిక పాలన, ప్రజారోగ్యం లాంటివి మంత్రులకు, భూమి శిస్తు, పోలీసు, నీటిపారుదల గవర్నరుకు. ఖర్చు పెట్టాల్సిన శాఖలు మనకు, డబ్బు వచ్చే ముఖ్య మార్గం వాళ్లకు. పద్దుల్లో కొన్నిటి మీద ఓటింగే లేదు. మిగతావాటిని సభ తిరస్కరించినా గవర్నరు పునరుద్ధరించగలడు. కేంద్రంలో 1923లో ఉప్పు పన్నును మణుగుకు రూపాయి పావలా నుంచి రెండున్నర రూపాయలకు పెంచబోతే శాసనసభ ఓడించింది. వైస్రాయి రీడింగ్ తన ప్రత్యేకాధికారంతో అమలు చేశాడు. సభ ఉంది, ఎన్నికలున్నాయి, పన్ను మాత్రం సభ వద్దన్నా పడింది. ఏడేళ్ల తర్వాత ఉప్పు సత్యాగ్రహం ఎందుకు అంత సూటిగా తగిలిందో ఈ నేపథ్యంలో చూస్తే తెలుస్తుంది.

1935 చట్టం ప్రావిన్సుల్లో ద్వంద్వ పాలనను తీసేసింది. 1937లో మద్రాసు శాసనసభలో 215 స్థానాలకు కాంగ్రెసు 159 గెలిచింది. గవర్నరు తన ప్రత్యేకాధికారాలతో రోజువారీ పాలనలో జోక్యం చేసుకోకూడదన్న హామీ కోసం పట్టుబట్టి ఏప్రిల్ నుంచి జులై దాకా పదవులు తీసుకోలేదు. ఆ మధ్యకాలంలో కూర్మా వెంకటరెడ్డి నాయుడు తాత్కాలిక మంత్రివర్గం నడిపారు. తర్వాత రాజాజీ ప్రభుత్వంలో టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రి, బులుసు సాంబమూర్తి స్పీకరు. జమీందారీ రైతుల స్థితిపై ప్రకాశం సంఘం విచారణ జరిపింది ఆ కాలంలోనే. 1939లో ఒక్క సభనైనా సంప్రదించకుండా వైస్రాయి భారతదేశాన్ని యుద్ధంలోకి దింపగానే ప్రభుత్వాలు రాజీనామా చేశాయి, 93వ సెక్షన్ కింద గవర్నరు పాలన వచ్చింది. తెలంగాణ మిత్రులకు ఒక మాట: నిజాం రాజ్యం బ్రిటిష్ వలస కాదు, దాని దారి వేరు. వయోజనులందరి ఓటుతో అక్కడ తొలి శాసనసభ ఏర్పడింది 1952లో.

సాటి వలసలతో పోలిస్తే మన ఆలస్యం ఇంకా స్పష్టమవుతుంది. సింహళానికి 1931లోనే స్త్రీపురుషులందరికీ ఓటు దక్కింది. అదే ప్రభుత్వం కింద, సముద్రానికి ఇవతల ఉన్న మనకు 1935లో కూడా ఆస్తి, చదువు షరతులే. ఫిజీలో 1929లో తొలిసారి ముగ్గురు భారతీయులు ఎన్నికయ్యారు, అందరికీ ఒకే ఓటర్ల జాబితా కావాలని వారిలో ఒకరైన విష్ణు దేవ్ పెట్టిన తీర్మానం వీగిపోగా సభ విడిచి వచ్చారు. మారిషస్‌లో 1948 ఎన్నికలకు ఆస్తి షరతుకు బదులు, ద్వీపంలో వాడే ఏదో ఒక భాషలో చిన్న వాక్యాలు చదివి రాయగలిగితే చాలన్నారు. ఆ భాషల్లో తెలుగు కూడా ఉంది. ఓటర్లు సుమారు 12 వేల నుంచి 70 వేలు దాటారు. చెరకు తోటల కూలీల మనవలు అలా సభలోకి నడిచారు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇప్పటికే వచ్చేసిందనుకుంటాను. సభ నడిపే పద్ధతులు, ప్రశ్నోత్తరాలు, బిల్లుకు మూడు పఠనాలు, స్పీకరు కుర్చీ, ఇవన్నీ వెస్ట్‌మినిస్టర్ నుంచి వచ్చినవే, ఆ మాట ఒప్పుకోవడానికి సంకోచం అక్కర్లేదు. కానీ వాటిని అందరికీ చెందేలా చేయాలన్న కోరిక లండన్‌ది కాదు. లక్ష్మీనరసు చెట్టి, గోర్డన్, హౌ, విష్ణు దేవ్ లాంటివారు అడిగారు, కొందరు ప్రాణమే ఇచ్చారు. వయోజనులందరికీ ఓటు అన్నది మన రాజ్యాంగ సభ తీసుకున్న నిర్ణయం. ఏ వలస చట్టమూ మనకు ఇచ్చింది కాదు.

మీరు పరిశోధన వైపు వెళ్లే ఆలోచనలో ఉంటే, ఆ చట్టాల్లోని పాలకుల అధికారాలు మన రాజ్యాంగంలో ఏ రూపంలో కొనసాగుతున్నాయో చూడండి. అది చాలా తక్కువ మంది చేసిన పని. 1861 చట్టం వైస్రాయికి ఆరు నెలల ఆర్డినెన్సు అధికారం ఇచ్చింది. నేడు 123, 213 అధికరణాలు రాష్ట్రపతికి, గవర్నరుకు ఆ అధికారాన్నే ఇస్తున్నాయి, సభ మళ్లీ సమావేశమైన ఆరు వారాల్లో ఆమోదం పొందాలన్న షరతుతో. ఓటింగు లేని పద్దులు సంచిత నిధి మీద పడే వ్యయంగా 113, 203 అధికరణాల్లో ఉన్నాయి. 1935 నాటి 93వ సెక్షన్‌కు దగ్గరి చుట్టం రాష్ట్రపతి పాలనకు వీలిచ్చే 356వ అధికరణం. ఒక్కో అధికరణం మీద రాజ్యాంగ సభలో జరిగిన చర్చను, అదే అధికారం మీద పాత శాసన మండళ్లలో జరిగిన చర్చతో పక్కపక్కన పెట్టి చదవండి. ముందుగా 213తో మొదలుపెట్టమని నా సలహా, ఎందుకంటే రాష్ట్ర శాసనసభలకు అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది అదే.